ఏ చెయ్యి ఎత్తాను?

"మాట్లాడే పెట్టె ఒకటి బిగించరా," అన్నాడు డ్రైవరు, కారు దిగీ దిగకముందే.

అతని బావమరిది కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని ఒక పాత స్పీకరు విప్పుతున్నాడు. తలెత్తకుండానే, "మాట్లాడే పెట్టె ఇంట్లో ఉందిగా బావా. మా అక్క చాలట్లేదా?" అన్నాడు.

"మీ అక్క దారి చెప్పదురా. తప్పులు చెప్తుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. బావా బావమరుదులు కలిసినప్పుడు ఆ మాత్రం ఎకసెక్కాలు లేకపోతే అదేం చుట్టరికం? కార్లకు పాటల పెట్టెలు, కెమెరాలు బిగించే ఆ బావమరిదిని వీధంతా వైరు అంటుంది. చేసే పనీ అదే, మనిషి వాటమూ అదే. డ్రైవరుకు పెళ్ళయ్యేనాటికి వైరు ఇంకా నిక్కర్లు తొడిగే వయసు. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటిసారి స్టీరింగు పట్టించింది డ్రైవరే. ఆ ముచ్చట వైరు ఇప్పటికీ కొట్టుకొచ్చిన వాడికల్లా చెప్తాడు.

"దారి చెప్పే పెట్టె నీకెందుకు బావా? మా ఆయన కళ్ళు మూసుకుని కూడా బండి నడుపుతాడని అక్క ఊరంతా టముకు వేస్తుంటేను."

డ్రైవరు మొహాన ఉన్న నవ్వును అలాగే ఉంచుకున్నాడు. ఒకసారి తీసేస్తే మళ్ళీ పెట్టుకోవడం కష్టం.

"కొత్త బళ్ళన్నీ మాట్లాడుతున్నాయి, నాదొక్కటే మూగది. ఆ చేత్తోనే వెనకో కెమెరా కూడా పెట్టు. పిల్లలతో వ్యవహారం కదా."

ఆ చివరి మాట నిజం. మిగిలినదంతా అబద్ధం. సంగతి దాచిపెట్టి ఊరించడం దేనికి, ఇక్కడే చెప్పేస్తే పోతుంది. డ్రైవరుకు చూపు పోతోంది. ఆ ముక్క అతనికి తెలుసు, ఒక డాక్టరుకు తెలుసు, మూడోమనిషికి తెలియదు.

పూర్తిగా చీకటైపోతే అదొక దారి. ఏడ్చి ఊరుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. చూపు నడిమధ్యన పోయింది, అంచులు మిగిలాయి. అద్దం మీద ఎవరో నూనె బొటనవేలితో నొక్కినట్టు, ఎటు చూసినా ఆ చూసినచోటే ఒక మరక. దేన్ని చూడాలనుకుంటాడో అదే మాయమైపోతుంది. మనిషికేసి చూస్తే చెవులుంటాయి, జుట్టుంటుంది, భుజాలుంటాయి, మొహం ఉండదు. కాస్త పక్కకు చూస్తే ఏదో కొంత తెలుస్తుంది. అందుకని పక్కకు చూడటం అలవాటు చేసుకున్నాడు. "నేను మాట్లాడుతుంటే గోడకేసి చూస్తావేం? అంత చేదైపోయానా?" అంటుంది భార్య. వీధిలో ఎదురుపడ్డ పాత స్నేహితుణ్ణి పలకరించకుండా దాటిపోతే, "సొంత కారు కొన్నాక వీడికి కళ్ళు నెత్తికెక్కాయి" అని ఆ స్నేహితుడు నలుగురిలో అన్నాడట. ఆ మాట చెవిన పడి డ్రైవరు బాధపడలేదు సరికదా, కాస్త తేలిక పడ్డాడు. పొగరుబోతు అన్నా పరవాలేదు. ఇంకో మాట అంటే బండి పోతుంది.

డాక్టరు దగ్గరకు ఒక్కడే వెళ్ళాడు. కళ్ళజోడు ఫ్రేము వదులైంది, బిగింపించుకొస్తానని ఇంట్లో చెప్పాడు. డాక్టరు చుక్కలు వేసి, లైటు వేసి, కుర్చీ దగ్గరకు లాక్కుని మరీ చూశాడు. "పోయింది రాదు. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను," అన్నాడు. ఆ తర్వాత మీరేం చేస్తుంటారని అడిగాడు.

"కొట్లో కూర్చుంటానండి," అన్నాడు డ్రైవరు.

"అయితే సరే. బండి మాత్రం నడపకండి."

"అలాగేనండి," అని బయటికొచ్చి, బండెక్కి, ఇంటికి నడుపుకుంటూ వచ్చాడు. చుక్కల మందు దిగకముందే.

పిల్లల్ని బడికి దింపి, మధ్యాహ్నం తిరిగి ఇళ్ళకు చేర్చడం అతని పని. అందులో వైరు కూతురు కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చాడంటే, ఆ దారి అతనికి కళ్ళతో తెలిసింది కాదు, ఒంటితో తెలిసింది. ఏ గుంత ఎక్కడ ఊపుతుందో, ఏ మలుపు ఎంతసేపు తిరగాలో నడుముకు తెలుసు. కూడలిలో ఎర్రదీపమో పచ్చదీపమో చూడడు. పక్క బండి ఆగితే ఆగుతాడు, అది కదిలితే కదులుతాడు. మెల్లగా పోతాడు. "మా డ్రైవరు అంత జాగ్రత్తపరుడు ఇంకొకడు లేడండీ" అని తల్లిదండ్రులు మెచ్చుకున్నారు కూడా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఆ పిల్లికైనా కళ్ళు తెరిస్తే కనిపిస్తుంది.

మొన్నామధ్య బడి దగ్గర అది జరిగింది. పిల్లల కోసమని బండిని కాస్త వెనక్కి తీస్తుంటే, చక్రం కింద ఏదో మెత్తగా తగిలి, చిట్లి, నలిగింది. ఆ చప్పుడుకు డ్రైవరు గుండె ఆగిపోయింది. ఎలా దిగాడో, ఎలా వెనక్కి వెళ్ళాడో అతనికి గుర్తులేదు. నేల మీద మోకాళ్ళేసి చేతులతో తడిమాడు. గుడ్డ తగిలింది. తడి తగిలింది. ఆ తర్వాత పుస్తకాలు తగిలాయి. అది స్కూలు బ్యాగు. పగిలింది నీళ్ళ సీసా, నలిగింది భోజనం డబ్బా. బ్యాగు తాలూకు పిల్లాడు గోడ దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. దాన్ని అక్కడ పెట్టి చెప్పులో రాయి దులుపుకుంటున్నాడట.

అప్పుడు డ్రైవరు ఏం చేశాడో చెప్పాలంటే నాకే నోరు రావట్లేదు. ఆ పిల్లాణ్ణి పట్టుకుని చెడామడా తిట్టాడు. "బండి వెనక బ్యాగు పెడతావా? కళ్ళు కనపడవా నీకు?" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు కూడా అతని పక్షమే పలికి, పిల్లాడికే బుద్ధి చెప్పారు.

ఆ వేళ నుంచీ అన్నం నోట్లో పెట్టుకుంటే ఆ చిట్లిన చప్పుడే వినిపిస్తోంది. బండి మానేస్తానని మనసులో ఎన్నిసార్లు అనుకున్నాడో. మానేసి ఏం చెయ్యాలి? ఇంట్లో కుర్చీలో కూర్చుని, ఆ కుర్చీ ఎక్కడుందో కూడా తడుముకోవాలి. బండి ఉన్నంతసేపే అతను మనిషి. అలా ఎటూ తోచక కొట్టుకుంటుంటే కెమెరా సంగతి తట్టింది. వెనక ఏముందో పెద్దగా బొమ్మ కట్టి చూపిస్తుందట, దారి నోటితో చెప్తుందట. రెండు కళ్ళూ చేతికిచ్చినట్టే కదా. దింపుడు కళ్ళం ఆశ అంటే ఇలాంటిదే.

వైరు పని మొదలుపెట్టాడు. డాష్‌బోర్డు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీని చెక్కబద్దతో మెల్లగా లేవదీసి, పాత రేడియోను బయటికి లాగాడు. వెనక వైర్లు వేలాడాయి. పక్క సీట్లో కూర్చున్న డ్రైవరు ఆ పాత రేడియోను ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని గుండీల మీద రాతలు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా ఏది నొక్కితే ఏమొస్తుందో అతని వేళ్ళకు తెలుసు.

"ఆ ఎర్ర వైరు ఇలా అందుకో బావా."

డ్రైవరు గుత్తిలోంచి ఒకటి తీసి ఇచ్చాడు.

"ఎర్రది అంటే నల్లదిస్తావేంటి? నల్లది ఎర్తు. కలిపితే ఫ్యూజు పోయి ఇద్దరం బిక్కమొహాలు వేసుకుని కూర్చుంటాం."

"నువ్వు చూస్తున్నావో లేదోనని," అన్నాడు డ్రైవరు.

"పరీక్షా నాకు? బాగుంది." వైరు తనే ఎర్రది వెతుక్కున్నాడు. అతనికి అనుమానం రాలేదు. బావకు వేళాకోళం ఎక్కువని ఎప్పటి నుంచో తెలుసు.

కొత్త పెట్టె బిగిసింది. తాళం తిప్పగానే వెలిగింది. డ్రైవరు చెయ్యి చాపి తడిమాడు. నున్నటి గాజు. ఈ చివర నుంచి ఆ చివరకు వేలు జారిపోయింది. ఎక్కడా ఒక మిట్ట లేదు, పల్లం లేదు.

"గుండీలేవిరా దీనికి?"

"ఇంకా గుండీలేంటి బావా? అంతా తెర మీదే. బొమ్మ చూసి దాని మీద వేలు పెట్టడమే. చంటిపిల్లలు కూడా నొక్కేస్తున్నారు."

"గుండీలున్నది దొరకదా?"

"పాతసామాన్ల కొట్లో దొరుకుతుంది. నిన్ను కూడా అక్కడే దింపమంటావా?"

డ్రైవరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒళ్ళో ఉన్న పాత రేడియోను బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. కళ్ళు లేనివాడికి ఆసరా అనుకుని తెచ్చుకున్నదానికే కళ్ళు కావాలట. అతనికి నవ్వొచ్చింది గానీ అది నవ్వులాంటి నవ్వు కాదు.

వైరు అప్పటికే కారు తలుపుల కింది గుమ్మం పట్టీలు ఊడదీసి, కెమెరా వైరును వాటి కింద నుంచి డిక్కీ దాకా పాకిస్తున్నాడు. రివర్సు లైటు వైరుకు ముడేశాడు. నంబరు ప్లేటు పైన డ్రిల్లుతో రంధ్రం పెట్టి కెమెరా దూర్చాడు. కెమెరా కంటికి గీతలు పడకుండా ముందే నల్లటేపు ముక్క అంటించడం అతని అలవాటు. పనంతా అయ్యాక దాన్ని చిర్రున లాగిపారేస్తాడు. పొద్దుటి నుంచీ ఆ చిర్రు చప్పుడు డ్రైవరు చెవిన పడుతూనే ఉంది. ప్రతి వైరు ముడికీ ఒక టేపు ముక్క.

"ఇంతకంటే ఖరీదైన కెమెరాలున్నాయి గానీ నీకిది చాలు," అన్నాడు వైరు బంపరు కింద నుంచి. "బొమ్మ కాస్త మసకగా ఉంటుంది. గుడ్డికన్నా మెల్ల మేలు కదా బావా."

"అవును," అన్నాడు డ్రైవరు.

అప్పుడే వైరు ఫోను మోగింది. వాళ్ళ అక్క. వైరు లేచి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, అందరికీ వినపడేలా పెట్టాడు.

"మీ బావ అక్కడే ఉన్నాడా? తిన్నాడా?"

"ఉన్నాడక్కా. మాట్లాడే పెట్టె పెట్టించుకుంటున్నాడు. ఇక నీతో పని లేదంట."

"ఇప్పుడు మాత్రం ఏం ఉందిరా పని? ఈమధ్య నా మొహం చూడటమే మానేశాడు. నిన్న కొత్తచీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, తలుపు వేసి రా అన్నాడు."

వైరు పగలబడి నవ్వాడు. డ్రైవరు కూడా నవ్వాడు. నిన్న ఎదురుగా రంగు ఏదో కదిలిందని తెలుసు గానీ, అది చీరని తెలియలేదు. ఆవిడ ఆ చీర కట్టుకుని ఎంతసేపు నిలబడిందో.

"బాగున్నావని చెప్పు అక్కకి," అంటూ వైరు ఫోను బావ చేతికిచ్చాడు.

"బాగుంది చీర," అన్నాడు డ్రైవరు.

"ఇప్పుడు కనిపించిందా?" అని పెట్టేసింది ఆవిడ.

ఆ నవ్వుల్లో పడి వైరు ఒక పని మరిచిపోయాడు. అదేమిటో అతనికీ తెలియదు, డ్రైవరుకూ తెలియదు.

వైరుకు ఒక నియమం ఉంది. కెమెరా బిగించిన ఏ బండినీ ఊరికే తాళాలిచ్చి పంపడు. కొట్టు వెనక ఖాళీ స్థలంలో గోడ ఉంది. ఆ గోడకు వీపు ఆనించి తనే నిలబడతాడు. బండి ఓనరును స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, వెనక్కి చూడకుండా తెరనే చూస్తూ తన మీదికే రమ్మంటాడు. "నా పని మీద నాకే నమ్మకం లేకపోతే నీకెందుకుండాలి?" అంటాడు. కొన్ని చౌక కెమెరాలు కుడిని ఎడమగా, ఎడమను కుడిగా తిప్పి చూపిస్తాయి. అందుకని ముందు ఒక చెయ్యి ఎత్తి ఏ చెయ్యో చెప్పమంటాడు. వీధిలో తోటి పనివాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. నవ్వుతారు గానీ తమ చుట్టాల బళ్ళకు మాత్రం వైరు దగ్గరే కెమెరా పెట్టిస్తారు.

"రా బావా, కూర్చో. పాత రోజుల్లో నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావు, ఇప్పుడు నా మీదికే రా."

ఈ నియమం సంగతి డ్రైవరుకు తెలుసు, వచ్చేటప్పుడు ఎందుకో తట్టలేదు. తప్పించుకుందామని, "ఎందుకురా ఇవన్నీ, నువ్వు చేస్తే వంక పెట్టేదెవరు?" అన్నాడు.

"చుట్టానికొక రూలు, బయటివాడికొక రూలా? ఎక్కు."

ఎక్కాడు. రివర్సు గేరు వేశాడు. తెర వెలుగు మారింది. సూటిగా చూస్తే మరక. పక్కకు చూస్తే తెర అంచున ఎరుపు, పసుపు, పచ్చ రంగులు అడ్డంగా మెరిశాయి. అవేవో ఉన్నాయి. ఏదో కనిపిస్తోంది. అతని ప్రాణం లేచొచ్చింది.

"కనిపిస్తున్నానా?" గోడ దగ్గర నుంచి వైరు కేక.

"ఆఁ, బ్రహ్మాండంగా."

"ఏ చెయ్యి ఎత్తాను?"

చెయ్యి ఎత్తమంటే ఎవడైనా కుడిచెయ్యే ఎత్తుతాడు. "కుడి," అన్నాడు డ్రైవరు.

"శభాష్. మా అక్క ఊరికే మెచ్చుకోదు నిన్ను. ఇక రా, మెల్లగా రా."

డ్రైవరు క్లచ్చి వదిలాడు. బండి వెనక్కి కదిలింది. గోడ ఎంత దూరమో, ఆ గోడకూ తనకూ మధ్య మనిషి ఎంత దూరమో అతనికి తెలియదు. చెవులు రెండూ వెనక్కే ఉన్నాయి. వైరు చిన్నప్పుడు స్టీరింగు పట్టుకుని నోటితో హారను కొట్టేవాడు. అది గుర్తొచ్చింది. ఆపుదామనుకున్నాడు. ఆపితే ఎందుకాపావంటాడు. రంగులు మెరుస్తూనే ఉన్నాయి, అవి దగ్గరని చెప్తున్నాయో దూరమని చెప్తున్నాయో.

"ఆపు," అన్నాడు వైరు.

గొంతు మారింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు.

తర్వాత అడుగులు. తర్వాత డిక్కీ దగ్గర, చిర్రు.

పొద్దుటి నుంచీ వింటున్న చప్పుడే అది. టేపు ఊడిన చప్పుడు. తెరలో ఒక్కసారిగా తెల్లటి వెలుగు నిండింది. ఇంతసేపూ అక్కడ వెలుగే లేదని డ్రైవరుకు అప్పుడు తెలిసింది.

వైరు కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. డ్రైవరు మొహం అటు తిప్పాడు. బావమరిది మొహంలో ఏముందో తెలుసుకోవాలి. కోపమా, జాలా, ఇంకా అర్థం కాలేదా? మొహం ఉండాల్సిన చోట మరక ఉంది. పక్కకు చూస్తే తెలుస్తుంది గానీ, పక్కకు చూస్తే పట్టుబడిపోతాడు. అందుకని సూటిగానే చూశాడు.

"బావా, ఇప్పుడు ఏ చెయ్యి ఎత్తాను?" వైరు చాలా మెల్లగా అడిగాడు.

"కుడి."

"ఏ చెయ్యీ ఎత్తలేదు బావా."

డ్రైవరు చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి.

"టేపు తియ్యడం మరిచిపోయాను. తెరంతా నలుపే. ఆ రంగు గీతలు కెమెరావి కావు, పెట్టె తనంతట తనే గీసుకుంటుంది." అక్కడికి పనివాడి మాట అయిపోయింది. ఆ తర్వాత వచ్చింది మనిషి మాట. "ఎన్నాళ్ళ నుంచి?"

"తెలియదురా. ఎండాకాలం నుంచి కావచ్చు."

"పొద్దున మా పాపను నువ్వే దింపావు."

"నెమ్మదిగానే దింపాను."

ఆ మాట అన్నాక దానంత సిగ్గుమాలిన మాట ఇంకొకటి లేదని అతనికే తెలిసింది. వైరు కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తలుపు సన్నగా వణకడం డ్రైవరు మోచేతికి తెలిసింది.

"పొద్దున నేనే దాని చెయ్యి పట్టుకుని ఎక్కించాను. మామయ్య బండిలో అయితే భయం లేదని మా ఆవిడతో నేనే అన్నాను. పెట్టె బిగించి, తాళాలిచ్చి, మళ్ళీ పంపేవాణ్ణి కూడా నేనే. నువ్వు మనిషివేనా బావా?"

తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. వైరు కొట్టలేదు.

"ఆ బ్యాగు," అన్నాడు వైరు. "మా పాప చెప్పింది. మామయ్య ఆ అబ్బాయిని బాగా తిట్టాడని. అబ్బాయిదే తప్పని నేను చెప్పాను దానికి."

"మానేద్దామనే అనుకున్నానురా."

"ఎప్పుడు?"

"అక్కకు చెప్పకు," అన్నాడు డ్రైవరు.

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి. ఇవాళే చెప్పాలి." వైరు తలుపు తెరిచాడు. "జరుగు. బడి వదిలే వేళైంది. పిల్లలు ఎదురు చూస్తుంటారు."

డ్రైవరు పక్క సీట్లోకి జరిగాడు. తన బండి నడుస్తుండగా అటువైపు అతనెప్పుడూ కూర్చోలేదు. కాలికి బ్రేకు తగలక గాల్లో తడుముకుంది. ఇవతల పక్క నుంచి చూస్తే దారంతా ఇంకొకరిది. వైరు సీటు ముందుకు లాక్కుని, అద్దాలు తన ఎత్తుకు సరిచేసుకున్నాడు. ఆ అద్దాలు కదిలిన కిర్రు చప్పుడుకు డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్నా తెరిచినా ఇక ఒకటే.

"ఎటు?" అన్నాడు వైరు.

"సందు చివర ఎడమ. గేటు దాటగానే గుంత ఉంది, కుడికి తియ్యి. తర్వాత రెండు స్పీడు బ్రేకర్లు, రెండోదానికి రంగు వెయ్యలేదు, తెలియదు నీకు."

చెప్పినవన్నీ చెప్పినచోటే వచ్చాయి. కొత్త పెట్టె కూడా తనంతట తనే గొంతు విప్పి దారి చెప్పడం మొదలుపెట్టింది. పెట్టె ఒకటంటుంది, డ్రైవరు ఒకటంటాడు. "దాని నోరు ముయ్యి బావా," అన్నాడు వైరు. డ్రైవరు తెర మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు. పెట్టె ఆగలేదు. వైరు ఒక క్షణం చూసి, తనే చెయ్యి చాపి ఆపేశాడు. బడి వచ్చేదాకా ఇద్దరూ మరి మాట్లాడుకోలేదు, మలుపులు తప్ప.

పిల్లలు బిలబిలమంటూ వచ్చి ఎక్కారు. వైరు కూతురు ముందుకు వంగి, "మామయ్యా, నువ్వేంటి ఇటు కూర్చున్నావు? నాన్నకు నడపడం నేర్పిస్తున్నావా?" అంది.

"నాన్నకు వచ్చమ్మా," అన్నాడు డ్రైవరు. "నాకంటే బాగా వచ్చు."

ఒకడు మాత్రం ఎక్కలేదు. బండి పూర్తిగా ఆగి, అందరూ సర్దుకునేదాకా దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వచ్చాడు, ఎక్కకుండా డ్రైవరు కూర్చున్న వైపు కిటికీ దగ్గర ఆగాడు. డ్రైవరు పక్కకు చూశాడు. ఇక దాచడానికేముంది. చూపు అంచున కొత్త నీలం రంగు బ్యాగు ఒకటి, దాన్ని గుండెలకు కరుచుకున్న రెండు చిన్న చేతులు కనిపించాయి.

"అంకుల్, ఇవాళ కింద పెట్టలేదు. పట్టుకునే నిలబడ్డాను."

ఆ రోజు నుంచీ వీడు రోజూ ఇలాగే నిలబడుతున్నాడన్నమాట. మెచ్చుకుంటానేమోనని ఎదురు చూస్తున్నాడు. పక్కన వైరు ఇంజను ఆపకుండా కూర్చుని ఉన్నాడు, సాయానికి రాలేదు.

"నీ తప్పు లేదు నాన్నా," అన్నాడు డ్రైవరు. "ఆ రోజు నాకే కళ్ళు కనపడలేదు."

బండిలో పిల్లలందరూ గొల్లున నవ్వారు. డ్రైవరు అంకుల్ రోజూ ఏదో ఒకటి చెప్పి నవ్విస్తాడు, ఇదీ అలాంటిదే అనుకున్నారు. ఒకరు కళ్ళు మూసుకుని చేతులు చాపి పక్కవాణ్ణి తడిమారు. ఇంకొకరు గుద్దుకున్నట్టు నటించారు. వైరు కూతురు నవ్వు అందరికంటే గట్టిగా వినిపించింది. బ్యాగు పిల్లాడు కూడా నవ్వాడు, నవ్వుతూనే ఎక్కి కూర్చున్నాడు.

"నిజంగానే కనపడలేదు," అన్నాడు డ్రైవరు మళ్ళీ.

ఇంకా నవ్వారు.

వైరు రివర్సు గేరు వేశాడు. తెర వెలిగింది. తెరను చూస్తూ, మెల్లగా, ఎవరికీ తగలకుండా బండిని వెనక్కి తీశాడు. డ్రైవరు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లల్ని ఒక్కొక్కరినే దింపాక చివరికి తన ఇల్లు వస్తుంది. ఇదే మాట అక్కడ కూడా చెప్పాలి. ఆవిడ నవ్వదు.